చూచివ్రాత ధర్మం

తెలుగునాట పిల్లవాడు ఓనమాలు దిద్దిన నాటినుండి కొన్నేళ్లపాటు ‘చూచివ్రాత’ అనే పాఠాన్ని తప్పించుకోలేడు. పుటకు పైన అచ్చువేసి ఉన్న వాక్యాన్ని అదే వంపుతో, అదే పొందికతో కింది గీతల మీద మరల మరల వ్రాయడమే ఆ పాఠం. మూలానికి ఎంత దగ్గరగా వ్రాస్తే అంత మెప్పు. అదే పిల్లవాడు పదేళ్ల తరువాత పరీక్షలో పక్కవాడి కాగితం చూచి వ్రాస్తే అది నేరమవుతుంది. చేయి చేసిన పని ఒకటే, కన్ను చేసిన పనీ ఒకటే. అయినా ఒకదానిని విద్య అంటాము, రెండవదానిని దొంగతనం అంటాము. ఈ భేదం ఎక్కడ పుట్టిందో వెదికితే ఒక చిన్న విషయం స్ఫురిస్తుంది. చూచివ్రాత పుస్తకంలో మూలం పుట నెత్తిన అందరికీ కనబడుతూనే ఉంటుంది. పరీక్ష కాగితంలో మూలం దాగి ఉంటుంది.

చిత్రకళలో ఈ ప్రశ్న ఇంత సులభంగా తేలదు. తైలవర్ణ చిత్రలేఖనం నేర్చుకొనే వ్యక్తి ఒక మహాచిత్రకారుని రూపచిత్రాన్ని ఎదుట పెట్టుకొని అట్లాగే చిత్రించడానికి పూనుకొంటే, అతడు చేస్తున్నది చూచివ్రాతా, చూచి వ్రాయడమా? ఆ పని పూర్తయిన తరువాత ఆ పటం ఎవరిది?

ఈ ప్రశ్నను జంషెడ్‌పూర్ వంటి పట్టణంలో నిలబడి అడగడంలో ఒక ఔచిత్యం ఉంది. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడింది. 1912లో సాక్చీ వద్ద మొదటి ఉక్కు తయారయింది. 1919లో లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టాడు. కాళీమాటీ స్టేషన్ టాటానగర్ అయింది. పని వెదుక్కొంటూ దేశం నలుమూలల నుండి వచ్చిన వారిలో ఉత్తరాంధ్ర కుటుంబాలు తక్కువేమీ కావు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నిలిచి ఉన్న సాక్ష్యం. ఊరు మొదట బీహారులోనిది. 2000 నవంబరు 15 నుండి ఝార్ఖండ్ రాష్ట్రంలోనిది.

ఇక్కడి ప్రధాన వృత్తిలో పోలికే ధర్మం. ఒక రైలు పట్టా మరొక రైలు పట్టాను పోలి ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా అది పనికిరాదు. 1921లో నెలకొన్న జంషెడ్‌పూర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ నాటినుండి తరతరాల అప్రెంటిసులు ఆకురాయి పట్టి, కొలతబద్ద పెట్టి, ఇచ్చిన నమూనాకు సరిపోయే దాకా ఇనుమును రాస్తూ పని నేర్చుకొన్నారు. ఆ పనిలో మూలానికి భిన్నంగా వచ్చినది లోపం, అంతే. అక్కడ ‘నా శైలి’ అనే మాటకు చోటు లేదు.

ఇట్టి పట్టణంలో పగలు కర్మాగారంలో పనిచేసి సాయంత్రం వేళ కుంచె పట్టే ఒక అభ్యాసి ఉన్నాడనుకొందాం. సాక్చీలో రవీంద్ర భవన్ ఉన్నది, సంగీత నృత్యాలకు ఆదరణ ఉన్నది. కానీ వాన్ గో మూలచిత్రం కావాలంటే ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లాలి, పారిస్ వెళ్లాలి. అందువల్ల అతని గురువు ఒక పుస్తకంలోని అచ్చుబొమ్మ. అరచేతి వెడల్పున్న కాగితం మీద, నున్నని సిరాలో, గురువు గారి కుంచె దెబ్బలన్నీ చదునై కనిపిస్తాయి. ఏకలవ్యునికి మట్టిబొమ్మ దక్కినట్లు ఇతనికి ఈ కాగితం దక్కింది.

అతడు చేసే పనిని కొంచెం దగ్గరగా చూడాలి. చూడకుండా ధర్మాధర్మ విచారణ చేసేవారు ప్రతికృతి అంటే యాంత్రికమైన పని అనుకొంటారు. గుడ్డకు పూత వేసి, ఆరనిచ్చి, అచ్చుబొమ్మ మీదా గుడ్డ మీదా గళ్లు గీసి, బొగ్గుతో ముఖరేఖలు దించుకోవడం వరకు అది యాంత్రికమే. ఆ తరువాత టర్పెంటైన్‌తో పలుచన చేసిన రంగుతో వెలుగునీడలు పరచాలి. దాని మీద వచ్చే పొరలలో అవిసె నూనె పాలు క్రమంగా హెచ్చాలి. నూనె తక్కువైన పొర ముందు ఆరుతుంది. క్రమం తలకిందులైతే పై పొర ఆరిన పిమ్మట కింది పొర కదిలి పటం బీటలు వారుతుంది. ఇవి ఏ పుస్తకంలోనైనా దొరికే సంగతులు. ముఖం దగ్గరకు వచ్చేసరికి పుస్తకం మూగబోతుంది. వాన్ గో చిత్రించిన బుగ్గ మీద ఆకుపచ్చ గీత ఉంటుంది. దూరంనుండి చూస్తే అది చర్మం. దగ్గరకు వస్తే పచ్చిరంగు. అభ్యాసి ఆ గీతను ఉన్నచోటనే పెడతాడు. అయినా అది చర్మం కాదు, మరకలా కనిపిస్తుంది. ఎందుకంటే దాని పక్కనున్న నారింజ ఛాయ రవ్వంత చల్లబడింది. ఒక గీతను సరిదిద్దబోయి నాలుగు గీతలను కదిలించవలసి వస్తుంది. ఈ విధంగా పది సాయంత్రాలు గడిచేసరికి అతడు బొమ్మను చూడడం మాని నిర్ణయాలను చూడడం మొదలుపెడతాడు. ఈ రంగు ఇక్కడ ఎందుకు? ఈ గీత ఇటు తిరిగి ఎందుకు ఆగిపోయింది? మూలచిత్రకారునికి ఈ ప్రశ్నలు ఎదురై ఉంటాయి, జవాబులు దొరికి ఉంటాయి. చూచి వ్రాసేవాడు జవాబుల నుండి ప్రశ్నలకు వెనుకకు నడుస్తాడు.

మరొక చిక్కు ఉంది. వాన్ గో వాడిన జెరేనియం లేక్ వంటి ఎరుపు రంగులు వెలుతురుకు నిలవలేదు. 1890లో అతడు చిత్రించిన గులాబీల పటాలు రెండు నేడు న్యూయార్క్‌లోనూ వాషింగ్టన్‌లోనూ ఉన్నాయి. వాటిలో నాటి గులాబీ వన్నె పూలు నేడు దాదాపు తెల్లగా కనిపిస్తాయి. పడకగది చిత్రంలో ఊదా గోడలు నీలమయ్యాయి. అభ్యాసి అచ్చుబొమ్మకు విధేయుడైతే వెలిసిపోయిన రంగుకు విధేయుడవుతాడు. చిత్రకారుని ఉద్దేశానికి విధేయుడు కాదలచుకొంటే కంటికి కనబడనిదానిని ఊహించి వేయాలి. విధేయత అనే మాట వినడానికి తేలిక. కర్మాగారంలోని కొలతబద్ద ఇక్కడ పనిచేయదు.

అనుకరణ వల్ల శిష్యుడు చెడిపోతాడని నమ్మినవారు లేకపోలేదు, వారి వాదం కొట్టిపారవేయదగినదీ కాదు. మద్రాసు చిత్రకళాశాలలో పనిచేసిన ఇ.బి. హేవెల్ 1896లో కలకత్తా ప్రభుత్వ కళాశాలకు అధిపతి అయ్యాడు. అక్కడి ప్రదర్శనశాలలో ఉన్న ఐరోపా చిత్రాలను, ప్రతికృతులను తొలగించి, వాటి స్థానంలో మొఘల్ చిత్రాలను, ఇతర భారతీయ కళాఖండాలను చేర్చాడు. రెండవ తరగతి పాశ్చాత్య చిత్రాలను చూచి గీస్తూ భారతీయ విద్యార్థి తన కన్నును పోగొట్టుకొంటున్నాడని అతని బాధ. విద్యార్థులు మాత్రం దీనిని మరొక విధంగా అర్థం చేసుకొన్నారు: తెల్లవాడు తన విద్యను మనకు దక్కకుండా దాస్తున్నాడన్నారు. రణదా ప్రసాద్ గుప్తా నాయకత్వంలో కొందరు బయటికి వెళ్లి జూబిలీ ఆర్ట్ అకాడమీని స్థాపించుకొన్నారు. హేవెల్ నాసిరకం మూలాలను గురించి చెప్పినది నిజం. అయితే ఏది చూచి నేర్చుకోవాలో శిష్యుని పక్షాన మరొకరు నిర్ణయించడం ఎంత సదుద్దేశంతో చేసినా పెత్తనమే. ఆ విద్యార్థుల కోపంలో న్యాయం లేదనడం కష్టం.

దాచిపెట్టిన విద్య సంగతి రవివర్మకు తెలుసు. తిరువనంతపురం ఆస్థానంలో తైలవర్ణ విద్య తెలిసిన రామస్వామి నాయకర్ అతనికి నేర్పడానికి ఇష్టపడలేదనీ, 1868లో వచ్చిన ఆంగ్ల చిత్రకారుడు థియొడోర్ జెన్సెన్ తాను పనిచేస్తుండగా చూడడానికి మాత్రమే ఒప్పుకొన్నాడనీ రవివర్మ జీవితచరిత్రలు చెబుతాయి. చూడడమే అతనికి దక్కిన పాఠం. అతడు చూచినదానిని దొంగిలించాడని నేడు ఎవరైనా అంటే నవ్వు వస్తుంది.

ప్రతికృతికి మరొక ధర్మం కూడా ఉంది: అది రక్షణ. అజంతా కథ దీనికి గొప్ప దృష్టాంతం, గొప్ప హెచ్చరిక కూడా. మద్రాసు సైన్యానికి చెందిన రాబర్ట్ గిల్ 1844 నుండి ఏళ్ల తరబడి ఆ గుహలలో కూర్చొని కుడ్యచిత్రాలకు తైలవర్ణ ప్రతులు వ్రాశాడు. వాటిలో అధికభాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. 1872 నుండి జాన్ గ్రిఫిత్స్ బొంబాయి జె.జె. కళాశాల విద్యార్థులతో ఆ పని తిరిగి చేయించాడు. ఆ ప్రతులలోనూ చాలా భాగం 1885లో సౌత్ కెన్సింగ్టన్‌లో దగ్ధమయింది. అంతకన్న విచారకరం, ప్రతి వ్రాయడానికి వీలుగా బొమ్మలు స్పష్టంగా కనిపించాలని గోడల మీద పూసిన వార్నిష్ కాలక్రమంలో పసుపెక్కి మూలానికే ముప్పు తెచ్చింది. గురువు ముఖం బాగా కనబడాలని గురువు కంట్లో దీపం పెట్టినట్లయింది! 1909–11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ మరల ఆ పనికి పూనుకొన్నప్పుడు నందలాల్ బోస్, అసిత్ హల్దార్, వెంకటప్ప మొదలైనవారితో పాటు హైదరాబాదు నుండి సయ్యద్ అహ్మద్, ఫజులుద్దీన్ అనే చిత్రకారులు కూడా పాల్గొన్నారు. నిజాం ప్రభుత్వం 1920–22లో ఇటలీ నుండి సెక్కోని, ఒర్సీని అనే నిపుణులను రప్పించి ఆ చిత్రాలను భద్రపరిపించింది. ఆ నాటి ప్రతులు వ్రాసినవారిలో ఎవరూ తమ పటాన్ని స్వంతమని చెప్పుకోలేదు. చెప్పుకొంటే నమ్మేవారూ లేరు. అయినా నందలాల్ బోస్ తరువాతి చిత్రాలలో రేఖ నడిచే తీరు అజంతా గోడల ముందు గడిపిన రోజులను తలపిస్తూనే ఉంటుంది.

మన అలంకారికులు ఈ సమస్యను వెయ్యేళ్ల కిందటే తరచి చూచారు. ఒక కవి మాట మరొక కవి మాటను పోలినప్పుడు ఆ పోలిక మూడు విధాలని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో విభజించాడు: అద్దంలో ప్రతిబింబం వంటిది, చిత్తరువు వంటిది, ఒక మనిషి మరొక మనిషిని పోలి ఉండడం వంటిది. మొదటి దానికి స్వంత ఆత్మ లేదు. రెండవ దాని ఆత్మ అల్పం. మూడవది గ్రాహ్యం, ఇద్దరు మనుషులకు కనుముక్కు తీరు కలిసినంత మాత్రాన ఒకరు మరొకరి వస్తువు కారు కదా! తరువాత రాజశేఖరుడు కావ్యమీమాంసలో మరింత ముందుకు వెళ్లి, మూలం ఒకటే అయినా కట్టుబాటు పూర్తిగా వేరైన నాల్గవ విధాన్ని చేర్చాడు. కవుల హరణ విద్యను గురించి ఆయన వర్తకుల నైపుణ్యంతో పోల్చి చమత్కరించిన తీరు చూస్తే, నైతిక కోపం కన్న లోకజ్ఞానం ఎక్కువగా ఉన్న మనిషి అనిపిస్తుంది.

తెలుగువారికి ఈ వివాదం శ్రీనాథుని పేరుతో అందింది. శ్రీహర్షుని సంస్కృత నైషధాన్ని ఆయన తెలుగు చేస్తే, సంస్కృత పండితులు నీ డు, ము, వు, లు ప్రత్యయాలు నీవు తీసుకొని మా నైషధం మాకు ఇచ్చివేయమన్నారని ఒక ఐతిహ్యం ప్రచారంలో ఉంది. నిందగా పుట్టిన ఆ మాటను తెలుగు పాఠకుడు నేటికీ మెప్పుగానే చెప్పుకొంటాడు. సమాసాలు శ్రీహర్షునివే అయినా, వాటిని తెలుగు పద్యం నడకలో నిలబెట్టడానికి ఎంత చెవి కావాలో చదివినవాడికి తెలుసు. పైగా శ్రీనాథుడు మూలకర్త పేరు దాచలేదు. పుట నెత్తిన మూలం ఉంది.

ఆనందవర్ధనుడు చిత్తరువును రెండవ మెట్టున నిలిపాడు. కానీ ఒక చిత్తరువుకు చిత్తరువు మూడవ మెట్టు ఎక్కిన సందర్భం వాన్ గో జీవితంలోనే ఉంది. 1888 నవంబరులో ఆర్ల్ పట్టణంలో కఫే నడిపే మేరీ జినూ అనే స్త్రీ వాన్ గో, గోగాఁ ఇద్దరి ఎదుట కూర్చొన్నది. వాన్ గో గంటసేపటిలో ఒక తైలచిత్రం ముగించాడు. గోగాఁ బొగ్గుతో నిదానంగా ఒక రేఖాచిత్రం గీశాడు. దాని ఆధారంగా తాను వేరొక కఫే చిత్రం వేసుకొన్నాడు. కొద్ది వారాలకు ఇద్దరి స్నేహం ఎట్లా ముగిసిందో లోకమెరిగినదే. రేఖాచిత్రం వాన్ గో వద్ద మిగిలిపోయింది. 1890 ఫిబ్రవరిలో, సేంట్ రెమీ చికిత్సాలయంలో ఉండగా, అతడు ఆ రేఖాచిత్రాన్ని ఎదుట పెట్టుకొని ఆమెను మరల మరల చిత్రించాడు. బల్లపై ఆనిన మోచేయి, చెంపకు చేర్చిన చేయి, పక్కచూపు అన్నీ గోగాఁవే. రంగులు మాత్రం తనవి. బల్ల మీద రెండు పుస్తకాలు కూడా తనవి. వాటిలో ఒకటి అంకుల్ టామ్స్ కేబిన్, రెండవది డికెన్స్ క్రిస్మస్ కథలు. అటువంటి పటాలు నాలుగు నేడు మిగిలి ఉన్నాయి. జూన్ నెలలో గోగాఁకు వ్రాసుకొన్న లేఖలో వాన్ గో, రేఖాచిత్రానికి భక్తితో విధేయుడుగా ఉంటూనే రంగుల విషయంలో స్వేచ్ఛ తీసుకొన్నాననీ, దీనిని తమ ఇద్దరి కృషిగా భావించమనీ కోరాడు. ఆ పని తనకు మరొక నెల జబ్బును తెచ్చిందని కూడా అందులో ఉంది.

ఆ చికిత్సాలయంలోనే మిలే చిత్రాల నలుపు తెలుపు ముద్రణలను చూచి ఇరవై వరకు తైలచిత్రాలు వేశాడు. మరొకరి స్వరరచనను వాద్యకారుడు వాయించినట్లు తాను వాటిని రంగులలో వాయిస్తున్నానని తమ్మునికి వ్రాశాడు. కర్ణాటక సంగీతం ఎరిగిన తెలుగువారికి ఈ ఉపమానం కొత్తగా తోచదు. త్యాగరాజ కృతిని పాడే విద్వాంసుడు అనుకర్త అని ఎవరూ అనరు. ఆ కృతి తనదని చెప్పుకొనే విద్వాంసుడూ లేడు. సంగీతంలో ఇంత సహజమైనది చిత్రకళలో ఎందుకు సందేహాస్పదమయింది? పాట గాలిలో కలిసిపోతుంది, పటం గోడకు మిగిలిపోతుంది. మిగిలినదానికి ధర ఉంటుంది. ధర ఉన్నచోట పేరు వస్తుంది.

ఈ అభ్యాసి విషయంలో చట్టం అడ్డురాదు. భారత కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణానంతరం అరవై ఏళ్లు హక్కు నిలుస్తుంది. వాన్ గో 1890లోనే కన్నుమూశాడు. అతని చిత్రాన్ని ఎవరైనా చిత్రించవచ్చును, అమ్మవచ్చును. కనుక మిగిలినది ధర్మం ఒక్కటే. ఇక్కడ బెర్లిన్‌లో జరిగిన ఒక వ్యవహారం మన ఆలోచనను సరిచేస్తుంది. 1920లలో ఒటో వాకర్ అనే వర్తకుడు వాన్ గో చిత్రాలని చెప్పి సుమారు ముప్పై పటాలు చెలామణి చేశాడు. 1928లో వెలువడిన వాన్ గో చిత్రాల సమగ్ర పట్టికలో కూడా అవి చోటు సంపాదించుకొన్నాయి. 1932లో విచారణ జరిగి అతనికి శిక్ష పడింది. గమనించవలసినదేమంటే, ఆ మోసం నిలిచినది పోలిక మీద కాదు. ఉన్న పటానికి అచ్చమైన ప్రతి వేస్తే మూలం ఎక్కడున్నదో అందరికీ తెలుసు గనుక ఎవరూ మోసపోరు. వాన్ గో వేయని పటాన్ని వాన్ గో వేసినట్లు కల్పించినప్పుడే మోసం సాధ్యమయింది. ఆ కూటచిత్రాలలో ‘కొత్తదనం’ ఉన్నది. జంషెడ్‌పూర్ అభ్యాసి ప్రతిలో అది లేదు. అయినా తప్పు ఎవరిదో చెప్పడానికి పండితుడు అక్కరలేదు. అబద్ధం బొమ్మలో లేదు, పేరులో ఉంది.

పారిస్ లూవ్ర్ సంగ్రహాలయం ఈ సంగతిని రెండు చిన్న నియమాలలో పెట్టింది. అక్కడ కూర్చొని ప్రతి వ్రాయడానికి అనుమతి పొందినవారి పటం మూలం కన్న పెద్దదిగానో చిన్నదిగానో ఉండాలి. మూలకర్త సంతకాన్ని దించరాదు. సెజాన్ వంటివాడు ఆ భవనంలో యౌవనం నుండి వృద్ధాప్యం వరకు చూచి గీస్తూనే ఉన్నాడు. అభ్యాసి మీద ఎంతో నమ్మకం, అతని పటం రేపు ఎవరి చేతిలో పడుతుందో అన్న విషయంలో ఎంతో అపనమ్మకం ఆ నియమాలలో కలిసి ఉన్నాయి. ఆ రెండూ అవసరమే.

అభ్యాసకాలం ఎక్కడ ముగుస్తుంది? దీనికి అమృతా షేర్‌గిల్ ఒక జవాబు. పారిస్‌లో చదువుకొంటూ 1934లో ఆమె తనను తాను తాహితీ స్త్రీగా చిత్రించుకొన్నది. గోగాఁ తాహితీ స్త్రీలను ఎరిగినవారు ఆ పటంలో అతని జాడను తప్పక గుర్తిస్తారు. గోగాఁ చిత్రాలలో మౌనంగా చూపులకు లోనైన స్త్రీ స్థానంలో, కుంచె పట్టిన స్త్రీ స్వయంగా నిలుచున్నది. రాజశేఖరుడు చెప్పిన నాల్గవ విధం ఇదే కావచ్చును. మూడేళ్లలో ఆమె అజంతా చూచింది, దక్షిణదేశం తిరిగింది. 1937లో పెండ్లికూతురు అలంకరణ, బ్రహ్మచారులు, సంతకు వెళ్లే దక్షిణదేశపు పల్లీయులు అనే మూడు పటాలు వేసింది. గోగాఁను అంత దగ్గరగా చూడకపోతే ఆమె అజంతాను ఆ విధంగా చూడగలిగేదా అన్నది అడగదగిన ప్రశ్న.

జంషెడ్‌పూర్‌లోని అభ్యాసికి ఈ ఉదాహరణలన్నీ దూరపువని అనిపిస్తే, దగ్గరలోనే ఒకటి ఉంది. అదే తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో, ధాల్‌భూమ్‌గఢ్ ప్రాంతాన ఆమాదుబీ అనే గ్రామంలో పైట్‌కర్ చిత్రకారుల కుటుంబాలు ఉన్నాయి. రాళ్లు, మట్టి, ఆకుల నుండి రంగులు తీసి, పొడవైన చుట్టల మీద కథలు చిత్రించి, పాట పాడుతూ విప్పి చూపడం వారి వృత్తి. మన చేర్యాల నకాషీల పని ఎరిగినవారికి ఇది పరాయిదిగా తోచదు. తండ్రి పటాన్ని చూచి కొడుకు వేస్తాడు, కొడుకు పటాన్ని చూచి మనుమడు వేస్తాడు. అనుకరణ అన్న నిందకు అక్కడ తావే లేదు, ఎందుకంటే పటానికి పేరు లేదు. కథ ఊరిది, పాట ఊరిది. పేరు అడిగే కొనుగోలుదారు ఎదుటికి వచ్చిన రోజున మాత్రం కథ మారుతుంది. తాత తీర్చిన రేఖ మీద మనుమడు వేసిన పటానికి, కింది మూలలో ఎవరి పేరు వ్రాయాలి?

బిష్టుపూర్‌లోనో కద్మాలోనో ఒక క్వార్టరు ముందుగదిలో ఆర్ల్ స్త్రీ ముఖం గోడకు వేలాడుతున్నప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇంత జటిలం కాదు. వచ్చిన అతిథి “ఇది మీరు వేసిందేనా అండీ?” అని అడుగుతాడు. “నేనే వేశాను” అన్నది నిజమే. “నాది కాదు” అన్నదీ నిజమే. రెండింటినీ కలిపి చెప్పడానికి సరిపడే చోటు గుడ్డ వెనుకవైపు ఉంటుంది: గోగాఁ రేఖ, వాన్ గో రంగు, ఫలానా సంవత్సరంలో ఫలానావారు చూచి వ్రాసినది.